హాజరు పట్టీలో పేరు

సీమ పట్టణాల్లో పాత చర్చి ఉన్న చోట, దాని ప్రహరీని ఆనుకుని తరచూ ఓ బడి కూడా కనిపిస్తుంది. రాతి గోడలు, ఎత్తయిన కిటికీలు, ఆవరణలో ఓ చింతచెట్టో వేపచెట్టో. బోర్డు మీద బడి పేరు పెద్దగా ఉంటుంది. దాని కింద ఓ మూల చిన్న అక్షరాలతో ‘ఎయిడెడ్’ అని రాసి ఉంటుంది.

ఆ మాటను ఎవరూ పట్టించుకోరు. సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు బడి అని అందరికీ తెలుసు, అంతటితో సరి. ఆ సాయం ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో, ఈ కరువు గడ్డ మీద అది ఎలాంటి చేతుల్లోకి వచ్చి పడిందో అడిగేవాళ్లు తక్కువ.

అనంతపురం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల అవతలే బరువు దించుకుని వట్టి చేతులతో ఇటు వస్తాయి. ఈశాన్యం వాన సముద్రం ఒడ్డు నుంచి ఇంత దూరం నడిచేసరికి అలిసిపోతుంది. ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ మనసైతేనే.

ఇలాంటి చోట బడి నడపడం ఓ వింత వ్యవహారం. వాన పడితే పిల్లలు చేలో ఉంటారు. పడకపోతే అమ్మానాన్నల వెంట వలసలో ఉంటారు. ఈ రెంటికీ మధ్య మిగిలిన రోజుల్లోనే బడికి రావడం.

రెండు వందల ఏళ్ల కిందట కూడా అంతే. అప్పటికి అనంతపురం జిల్లా అనేది లేదు. 1882లో విడదీసేదాకా ఈ ఊళ్లు చాలావరకు బళ్లారి జిల్లాలోవే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తరం రాశాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు.

చాలామంది కలెక్టర్లు అంకెల పట్టిక పంపి చేతులు దులుపుకున్నారు. కాంప్‌బెల్ మాత్రం బడిలోకి వెళ్లి కూర్చుని చూసినట్టు రాశాడు. అందుకే ఆయనంటే నాకు ఓ చిన్న అభిమానం.

జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. కన్నడం చెప్పే బడులు 235, తెలుగువి 226. ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి. తొమ్మిది లక్షల పైచిలుకు జనంలో ఇంతే చదువు.

ఆయన వర్ణించిన వీధిబడి చూడండి. పొద్దున ఆరింటికే మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది వాడికి గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఓ దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాళ్లకు తలా ఒకటి చొప్పున పెరుగుతూ పోతాయి. ఆఖరున వచ్చినవాడి గతి ఏమిటో ఆయన చెప్పలేదు కానీ, ఇంట్లో దూడల్ని విప్పి కట్టి రావలసిన పిల్లవాడే వాడు అయి ఉంటాడని నా అనుమానం.

ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించే పద్ధతి, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి కాంప్‌బెల్‌కు ఎంతో నచ్చాయి. ఇంగ్లాండులో దీన్ని అనుసరించడం సబబేనని మెచ్చుకున్నాడు.

నచ్చనిదల్లా ఐవారి బతుకు. ఓనమాల దశలో పిల్లవాడు నెలకు పావలా ఇచ్చుకోవాలి. కాగితం మీద రాసే దాకా వస్తే, పై లెక్కల్లోకి వెళితే, అర్ధరూపాయి. ఆ పావలా కూడా పుట్టడం లేదని ఆయన చెప్పిన మాట. జనం పేదలైపోయారు. ఇంగ్లాండు నుంచి వచ్చిన గుడ్డలతో ఇక్కడి సాలెవాళ్ల మగ్గాలు ఆగాయి. ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు లేవు, ఉన్నచోట కలిగినవాళ్ల పిల్లలే మిగిలారు. చదువు ఏ దేశంలోనైనా పాలకుల ఆదరణ లేకుండా నిలవలేదని, ఆ ఆదరణ ఇక్కడ ఎప్పుడో కరువైపోయిందని ఆ కుంపిణీ కలెక్టరే కుంపిణీకి రాశాడు.

మన్రోకి ఈ నేల కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా గుర్రం మీద ఊరూరూ తిరిగినవాడు. ఆయన మీద ప్రేమకొద్దీ ఈ వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1826లో ఆయన ఓ పథకం వేశాడు. తాలూకాకో బడి, అందులో పంతులుకి సర్కారు నెలకు తొమ్మిది రూపాయలు. అది తక్కువే అనిపించినా, పిల్లల దగ్గర నుంచి వచ్చేది కూడా తోడైతే బతుకు గడుస్తుందని ఆయన లెక్క.

మరుసటి ఏడాదే ఈ ప్రాంతపు పర్యటనలో ఉండగా పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింద పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకెళ్లారు. ఆ బడులూ ఎక్కువ కాలం నిలవలేదు. 1836లో ఎత్తేశారు. తొమ్మిది రూపాయల పంతులు మళ్లీ పావలాల పంతులైపోయాడు.

ఈ ఖాళీలోకే మిషన్ బడులు వచ్చాయి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లోనే బళ్లారి చేరాడు. 1822లో కడపలో పని మొదలైంది. 1846లో బళ్లారిలో వార్డ్‌లా పేరున ప్రసిద్ధమైన ఇంగ్లీషు బడి పుట్టింది. గుత్తి, అనంతపురం ఆ తర్వాతి మజిలీలు.

పట్టణాల్లోని పెద్ద బడుల కథ అందరూ రాస్తారు. నా ధ్యాసంతా పల్లెల్లోని చిన్న బడుల మీదే. ఊరికి దూరంగా మాలవాడలో, మాదిగవాడలో ఓ బోద కొట్టం. ఆదివారం అదే గుడి, మిగతా రోజుల్లో అదే బడి. ప్రార్థన చేయించే మనిషే పాఠం చెప్పే మనిషి. వీధిబడి అరుగు మీద కాలు పెట్టనివ్వని పిల్లలకు పలకా బలపం మొదట దొరికింది అక్కడే.

డబ్బు? లండన్‌లో భక్తులు వేసిన చందా మొదట బళ్లారికి వచ్చి, అక్కడి నుంచి పంపకాలు జరిగి, ఈ కొట్టం దాకా వచ్చేసరికి దానిలో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. బోద మార్చాలా, పంతులు జీతం ఇవ్వాలా అన్న ప్రశ్న ఏటా ఉండేదే.

అలాంటి రోజుల్లో 1854 జులైలో లండన్ నుంచి చార్లెస్ వుడ్ పంపిన విద్యా పత్రం వచ్చింది. దేశమంతటా సర్కారే బడులు పెట్టడం కుదిరే పని కాదు, కాబట్టి ఎవరు బడి నడిపినా మంచి చదువు చెబితే కొంత సొమ్ము సాయం ఇద్దామన్నది అందులోని మాట. మరుసటి ఏడాదే మద్రాసులో గ్రాంటు నియమాలు తయారయ్యాయి. మత బోధ జోలికి ఇన్‌స్పెక్టరు పోడు. బైబిలు చెప్పుకుంటే చెప్పుకోండి, మేం చూసేది చదవడం, రాయడం, లెక్కలు మాత్రమే అన్నారు.

షరతులు లేకుండా సర్కారు దమ్మిడీ అయినా ఇస్తుందా? తనిఖీకి ఒప్పుకోవాలి. లెక్కలు సరిగా ఉండాలి. ఎంత చిన్నదైనా సరే, పిల్లల దగ్గర ఏదో ఒక ఫీజు వసూలు చేయాలి. ఊరికే వచ్చిన చదువుకు విలువ ఉండదని దొరల నమ్మకం.

ఆ ఆఖరి షరతు దగ్గర నా ఆలోచన ఆగిపోతుంది. ఇక్కడి ఐవారికి జీతం ఎప్పుడూ నాణేల్లోనే వచ్చేదా? కోత కోశాక శేరు కొర్రలు, ఓ తట్ట జొన్న కంకులు, పండక్కి కాస్త బెల్లం. ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వగలిగింది ఇచ్చేవాళ్లు. గ్రాంటు చిట్టాలో మాత్రం రూపాయి, అణా, పై అని మూడే గడులు. కొర్రలు రాసుకోవడానికి గడి లేదు.

1860ల్లో ఇంకో పద్ధతి వచ్చింది. ఇంగ్లాండులో రాబర్ట్ లో అనే మంత్రి 1862లో తెచ్చిన ‘ఫలితాన్ని బట్టి సొమ్ము’ విధానం. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాణ్ణి నిలబెట్టి చదివించి, రాయించి, లెక్క చేయిస్తాడు. పాసైతే వాడి తల మీద ఇంత అని గ్రాంటు. తప్పితే లేదు. ఆ రోజు రాకపోయినా లేదు.

ఇంగ్లాండులో ఈ పద్ధతిని గట్టిగా ఎదిరించినవాళ్లలో ఒకరు మాథ్యూ ఆర్నాల్డ్. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు ఆయన కవి. పొట్టకూటికి మాత్రం ముప్పై ఐదేళ్లు బడుల ఇన్‌స్పెక్టరుగా తిరిగినవాడు. పిల్లలు పుస్తకాన్ని అర్థం కాకుండా వల్లె వేస్తున్నారని, చదువులో ప్రాణం పోతోందని పై అధికారులకు రాస్తూనే ఉన్నాడు. అక్కడి చలిదేశపు బడిలోనే ఆ గతి అయితే మన ఎండల సంగతి చెప్పాలా?

ఆ పరీక్ష రోజును ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. 1871 నాటికి మద్రాసు–బొంబాయి రైలు దారి గుత్తి మీదుగా పడింది. ఇన్‌స్పెక్టరు అంతవరకు రైల్లో వచ్చి ఉంటాడు, అక్కడి నుంచి ఎద్దుల బండి. పంతులు తెల్లవారకముందే వాడలో ఇంటింటికీ తిరుగుతుంటాడు. ఒకడికి జ్వరం, దుప్పటి కప్పి ఎత్తుకు రావాలి. ఇంకొకడు రెడ్డిగారి జీవాల వెంట గుట్ట మీదికి పోయాడు. వాడి బదులు ఆ పూట జీవాల్ని ఎవరు కాస్తారు? పంతులు కొడుకే కాయాలి. ఇదంతా నా ఊహే. కానీ పంతులు జీతంలో కొంత ఆ ఒక్క పూట మీద వేలాడుతుంటే, ఇంతకంటే తక్కువ జరిగి ఉంటుందని అనుకోలేను.

అందరూ వచ్చి కూర్చున్నాక, ఏడాదంతా గడగడా అప్పజెప్పిన పిల్లవాడు టోపీ పెట్టుకున్న కొత్త మనిషిని చూసి నోరు తెరవడు. వెనక పంతులు పెదవులు కదులుతుంటాయి. ఆ దృశ్యం ఈ కాలం బడుల్లో కూడా చూడనివాళ్లు ఉండరు. ప్రశ్న వేసేది తనిఖీ అధికారి. చెమట పట్టేది మాస్టారికి.

అంతలో ధాత కరువు వచ్చింది.

1876లో రెండు రుతుపవనాలూ తప్పాయి. మరుసటి ఏడాదీ నడుమ దాకా సరైన వాన లేదు. 1882లో అనంతపురం జిల్లాగా ఏర్పడిన ప్రాంతంలో 1871లో సుమారు 7.4 లక్షల జనం ఉంటే, 1881 లెక్కకు ఆరు లక్షలకు పడిపోయారు. చచ్చినవాళ్లు ఎందరో, దేశాలు పట్టిపోయినవాళ్లు ఎందరో విడదీసి చెప్పడం కష్టం. కరువు పనుల్లో రోజు కూలిగా ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బులు చాలని సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ తిండితో మనిషి పనిచేయలేడని డాక్టర్ కార్నిష్ వాదించాడు. ధాన్యాన్ని పౌనుల్లో తూచిన సర్కారే అక్షరాల్ని తరగతుల్లో తూచింది. ఆ కాలం మనుషులకు తూకం మీద అంత నమ్మకం.

గంజి కేంద్రానికి పిల్లవాడు వెళ్లాలా, బడికి వెళ్లాలా? జవాబు అందరికీ తెలిసిందే. అప్పుడు పంతులు పుస్తకంలో వాడి పేరుకు ఎదురుగా ఏం పెట్టి ఉంటాడు? రాలేదని ఓ గీత. మరుసటి రోజు ఇంకో గీత. ఎన్ని గీతల తర్వాత ఆ పేరు కొట్టేయాలి? కొట్టేస్తే గ్రాంటుకు ఓ తల తగ్గుతుంది. అది ఒక లెక్క. కొట్టేస్తే వాడు ఇక రాడని తానే ఒప్పుకున్నట్టు. అది ఇంకో లెక్క. పెన్ను పట్టుకుని కూర్చున్న ఆ మనిషి మనసులో ఏ లెక్క ముందు మెదిలిందో మనకెలా తెలుస్తుంది?

గ్రాంటు వల్ల ఈ బడులు బతికాయా అంటే, పూర్తిగా అవునని అనలేను. కొట్టానికి బోద వాడవాళ్లే కప్పారు. మట్టి గోడ ఆడవాళ్లు అలికారు. జీతం అందని నెలల్లో పంతులుకు సంగటి ముద్ద ఏదో ఒక ఇంటి నుంచి వచ్చి ఉంటుంది. అయినా ఆ కొద్ది రూపాయల్ని తీసిపారేయలేం. ఏదీ నమ్మకంగా రాని నేల మీద, ఆలస్యమైనా ఏటా వచ్చే సొమ్ము ఒకటి ఉందన్న ధీమాతో ఓ మనిషి ఊరు వదలకుండా ఉండిపోయాడు. బడి అంటే చివరికి ఊరు వదలని ఆ మనిషే కదా.

ఫలితాల గ్రాంటు ఇంగ్లాండులో శతాబ్దం చివరికి పోయింది. మద్రాసులో 1900 దాటిన కొన్నేళ్లకు పోయింది. గ్రాంటు మాత్రం వేషాలు మార్చుకుంటూ నిలిచింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. లండన్ మిషన్ బడులు దాని చేతికి వచ్చాయి. దొరలు పోయారు, తనిఖీ మిగిలింది. బిల్లు ట్రెజరీలో ఆగిపోయిందని ఎదురుచూసే మాస్టార్లు మన తరంలోనూ ఉన్నారు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. గ్రాంటు కావాలంటే హాజరు పట్టీ రాసి తీరాలి. చేర్చుకునే పుస్తకం ఉండాలి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, వయసు రాయాలి. ఇన్‌స్పెక్టరు అడుగుతాడు. పంతులుకు అది తలనొప్పి. పిల్లలకు అది ‘ఎస్ సార్’ అనే తతంగం.

ఆ కాలంలో పేదవాడి పేరు ఇంకెక్కడ రాశారో వెతికి చూడండి. రెవెన్యూ దస్త్రాల్లో పట్టా ఉన్నవాడి పేరే ఉంటుంది. శాసనాల్లో దానం ఇచ్చినవాడి పేరు. కోర్టు కాగితాల్లో అప్పు ఇచ్చినవాడిదీ, ఎగ్గొట్టినవాడిదీ. ఇంకొకరి చేలో కూలి చేసి ఇంకొకరి జీవాలు కాసినవాడి పేరు సిరాతో రాయాల్సిన అవసరం పెద్దగా ఎవరికీ పడలేదు. జనాభా లెక్కల్లో వాడు ఒక అంకె. కరువు నివేదికలో కూడా అంకే.

బడి పుస్తకంలో మాత్రం పేరు. నాలుగు పావలాలు ఇవ్వడానికి సర్కారు పెట్టిన షరతు, ఎవరూ అనుకోకుండా ఇంత పని చేసింది. పెద్ద ఓబులేసో, చిన్న నాగన్నో, ఎల్లమ్మో, ఫలానావాడి బిడ్డ ఫలానా రోజు బడికి వచ్చిన సంగతి కాగితం మీదికెక్కింది. చర్చి బడి అయినా అందులో ఉండేవి క్రైస్తవుల పేర్లు మాత్రమే కాదు. హిందువుల పిల్లలు, తురకల పిల్లలు అదే పేజీలో ఒకరి కింద ఒకరు ఉంటారు.

పుట్టిన తేదీల గడి చూస్తే నవ్వొస్తుంది. కరువు నాటి వాడు, పెద్ద వాన పడ్డ ఏడు పుట్టినవాడు అని తల్లి చెబితే, పంతులు ఓ క్షణం పైకి చూసి జులై ఒకటి అని రాసేస్తాడు. మన పెద్దల్లో బోలెడంత మంది జులై ఒకటినే పుట్టడానికి కారణం ఆ పంతుళ్ల చేతి చలవే. ఆ తేదీతోనే వాళ్లు ఉద్యోగాల్లో చేరారు, ఆ తేదీతోనే పదవీ విరమణ చేశారు. నిజంగా ఏ రోజు పుట్టారో తల్లికే తెలియనప్పుడు, పంతులు ఇచ్చిన పుట్టినరోజును కాదనేదెవరు?

మన కుటుంబాల్లో మూడు తరాల వెనక్కి వెళితే చాలామందికి పేర్లు తెలియవు. ముత్తాత పేరు చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్క. ‘మా జేజినాయన మిషన్ బడిలో రెండో తరగతి దాకా చదివినాడంట’ అని సీమలో ఇప్పటికీ వింటుంటాం. ఆ ‘అంట’ దగ్గరే కథ ఆగిపోతుంది. ఆ ఒక్క వాక్యానికి రుజువు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, అది ఏ గుత్తిలోనో ఏ కదిరిలోనో చర్చి బీరువా అడుగున, చెదలు తినగా మిగిలిన పట్టీలోనే ఉంటుంది.

పాత బడుల గదులు మార్చేటప్పుడు, రంగులు వేసేటప్పుడు, ఇలాంటి పుస్తకాలు బరువు చొప్పున పాత కాగితాలవాడికి పోతుంటాయి. చోటు లేక ఇచ్చేస్తారంతే, ఎవరినీ తప్పుపట్టేదేమీ లేదు. మీ ఊళ్లో అలాంటి చర్చి బడి ఉంటే, అక్కడి హెడ్మాస్టరు గారితోనో చర్చి అయ్యగారితోనో ఒకసారి మాట్లాడండి. ఆ పట్టీలు ఎండ తగలని పొడి చోట పెట్టించండి. వీలైతే ఒక్కో పేజీనీ ఫోనులో ఫొటో తీసి ఉంచండి. ఆ పిల్లల మనవళ్లు, మునిమనవళ్లు ఎప్పుడో ఒకప్పుడు వాటిని వెతుక్కుంటూ వస్తారు.